కీళ్లు బిగుసుకుపోవడం, ఎముకలు అతుక్కుపోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కీలు పట్టేసిందంటే ఎముకలు అతుక్కుపోయినట్టేనా?

చాలాసార్లు కాదు. పట్టేయడం, బిగుసుకుపోవడం, అతుక్కుపోవడం మూడూ వేర్వేరు. రాత్రంతా ఒకే పక్కకు తిరిగి పడుకుంటే పొద్దున మెడ పట్టేస్తుంది. అది కండరం చేసే పని, రెండు మూడు రోజుల్లో దానంతటదే వదులుతుంది. నెలన్నర పిండికట్టులో ఉన్న మోకాలు బిగుసుకుపోతుంది. అక్కడ కండరంతో పాటు కీలు చుట్టూ సంచిలా ఉండే పొర కూడా కుదించుకుపోయి ఉంటుంది. అది వదలడానికి వారాలూ నెలలూ పడుతుంది, కానీ వ్యాయామం చేస్తే చాలామందికి కదలిక తిరిగి వస్తుంది. అతుక్కుపోవడమంటే రెండు ఎముకల మధ్య ఉండాల్సిన సందే మూసుకుపోయి అవి ఒకదానికొకటి కట్టేసుకోవడం. దీన్నే వైద్యంలో ఆంకిలోసిస్ అంటారు. వంకర అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. పాత రోజుల్లో కీలు అతుక్కుపోయిన మనిషి ఆ వంకరతోనే మిగిలిపోయేవాడు కాబట్టి ఆ పేరు సరిగ్గానే పెట్టారు.

లోపల అసలు ఏం జరుగుతుంది?

మామూలు కీలులో రెండు ఎముకల చివర్లకూ నున్నటి మృదులాస్థి తొడుగులా ఉంటుంది. మనం గుజ్జు అంటామే, అదే. ఆ తొడుగు ఉన్నంతకాలం కింది ఎముకా పై ఎముకా ఒకదాన్నొకటి నేరుగా తాకవు. చీము పట్టడం వల్లో, వాపు ఏళ్ల తరబడి ఉండటం వల్లో, పెద్ద దెబ్బ తగలడం వల్లో ఆ తొడుగు పోతే, కింద ఉన్న పచ్చి ఎముక బయటపడుతుంది. దానికి తెలిసిన పని అతుక్కోవడమే. విరిగిన ఎముక ఎలా అతుకుతుందో, ఎదురెదురుగా ఉన్న ఆ రెండు పచ్చి ఎముకలూ అలాగే అతుక్కోవడం మొదలుపెడతాయి. ముందు నారలాంటి కణజాలం సందును నింపుతుంది. కీలు కదలకుండా అలాగే ఉండిపోతే కొందరిలో ఆ నార మధ్య ఎముక పోసుకుంటుంది. చివరికి ఎక్స్‌రేలో కీలు గీత మాయమై, ఎముక లోపలి గీతలు ఒక ఎముకలోంచి రెండోదానిలోకి ఆగకుండా సాగిపోతూ కనిపిస్తాయి.

వెన్నెముకలో కథ కొంచెం వేరు. అక్కడ ఎముకలను కలిపి పట్టే నార పట్టీలు (లిగమెంట్లు) ఎముకకు అంటుకునే చోట వాపు వస్తుంది. ఆ వాపు తగ్గే క్రమంలో కొత్త ఎముక పుట్టి, ఒక పూస నుంచి పక్క పూసకు వంతెన కడుతుంది.

రిపోర్టులో ‘ఫైబ్రస్’ అనో ‘బోనీ’ అనో రాస్తారు. తేడా ఏమిటి?

సందు నారతో నిండితే ఫైబ్రస్, ఎముకతో నిండితే బోనీ. ఎక్స్‌రే చూడకముందే అనుభవమున్న డాక్టర్ చేతికి ఈ తేడా చాలావరకు తెలిసిపోతుంది. మోకాలిని ఒక చేత్తో పైన, ఇంకో చేత్తో కింద పట్టుకుని మెల్లగా కదిలిస్తారు. ఫైబ్రస్ అయితే రెండు మూడు డిగ్రీలైనా కదులుతుంది, ఆ చివర తాడు లాగినట్టు బిగుతు తగులుతుంది, అక్కడ ఇంకొంచెం నొక్కితే రోగి అబ్బా అంటారు. బోనీ అయితే ఏమీ కదలదు, గట్టిగా కదిలించినా నొప్పి ఉండదు. రెండు ఎముకలు ఒకటే అయ్యాక అక్కడ కీలు అనేదే లేదు, ఇక నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది?

నిజమైనది, అబద్ధపుది అని ఇంకో విభజన కూడా ఉంది. లోపలి ఎముకలు అతుక్కుంటే నిజమైన ఆంకిలోసిస్. కీలు బాగానే ఉండి, బయట చర్మం కాలి ముడుచుకుపోవడం వల్లో, కండరంలో ఎముక పెరగడం వల్లో కదలకపోతే అబద్ధపు ఆంకిలోసిస్. పేరుకు అబద్ధమే కానీ బాధ నిజమే. రెండోదానిలో అడ్డు తొలగిస్తే కీలు మళ్లీ పనిచేసే అవకాశం ఎక్కువ, అందుకే ఈ తేడా తేల్చుకోవడం ముఖ్యం.

ఏళ్లుగా ఉన్న నొప్పి తగ్గిపోయింది, కానీ కీలు కదలడం లేదు. మంచిదేనా?

అన్నిటికంటే ముందు ఈ ప్రశ్నే అడగాలని నాకనిపిస్తుంది. నొప్పి తగ్గింది కాబట్టి జబ్బు తగ్గిందనుకుని మందులూ వ్యాయామమూ మానేసినవాళ్లు చాలామంది ఉంటారు. నొప్పీ కదలికా రెండూ బాగుపడుతుంటే అది తగ్గడం. నొప్పి పోతూ దానితో పాటే కదలికా పోతుంటే అది అతుక్కోవడం కావచ్చు. ఇంకోలా చెప్పాలంటే, కాస్త నొప్పిగా కదిలే కీలు ఇంకా కీలే. నొప్పీ లేక, కదలికా లేక ఉన్న కీలు గురించే టెన్షన్ పడాలి. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా ఎక్స్‌రే తీయించుకోండి.

దేనివల్ల వస్తుంది?

వేగంగా పాడుచేసేది ఇన్ఫెక్షన్. కీలులో చీము పడితే దానిలోని రసాయనాలు మృదులాస్థిని రోజుల వ్యవధిలోనే తినేస్తాయి. అందుకే జ్వరంతో పాటు ఒక్క కీలు ఎర్రగా వాచి, తాకనివ్వకుండా ఉంటే అది ఆ పూటే చూపించాల్సిన సంగతి. పసిపిల్లలు చెప్పలేరు, ఒక కాలు కదపడం మానేస్తారు, డైపర్ మారుస్తుంటే గుక్కపట్టి ఏడుస్తారు. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చీము పట్టిన కీలు చివరికి ఎముకతో అతుక్కోవడం మామూలు. టీబీ మాత్రం నెమ్మదిగా, పెద్దగా జ్వరం కూడా లేకుండా పనిచేస్తుంది. మోకాలు, తుంటి లాంటి కీళ్లను అది ఎక్కువగా నారతో బిగిస్తుంది, వెన్నుపూసలనైతే ఎముకతోనే కలిపేస్తుంది.

తర్వాత కీలు లోపలికి వెళ్లిన ఫ్రాక్చర్లు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ముఖ్యంగా మణికట్టులోని చిన్న ఎముకలు), పిల్లల్లో వచ్చే కీళ్లవాతం (మెడ, దవడ), రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు హీమోఫిలియాలో పదేపదే కీలులోకి రక్తం కారడం. ఒళ్లు బాగా కాలినవాళ్లకు, తలకో వెన్నుకో పెద్ద గాయమై కదలకుండా ఉన్నవాళ్లకు మోచేయి, తుంటి చుట్టూ మెత్తటి కండరంలోనే ఎముక పెరిగి కీలును బంధించేస్తుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి మితిమీరితే వెన్నులోని లిగమెంట్లు గట్టిపడి నడుం వంగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు.

వయసుతో వచ్చే మామూలు అరుగుదల కీలును బిగుతుగా చేస్తుంది కానీ సాధారణంగా పూర్తిగా అతికించదు. మోకాళ్లు అరిగిపోయాయని చెబితే, ఇక అతుక్కుపోతాయేమోనని దిగులు పడక్కర్లేదు.

పిండికట్టు తీశాక మోచేయి వంగడం లేదు. ఇక ఇంతేనా?

నా సంగతే చెబుతాను. మోచేయి విరిగి కట్టు తీసిన రోజు చేయి తొంభై డిగ్రీల దగ్గర అలాగే నిలబడిపోయింది. చొక్కా పై గుండీ పెట్టుకోబోతే వేళ్లు అందలేదు. గడ్డం దించి, మెడ వంచి, గుండీని చేతి దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది. అతుక్కుపోయిందనే అనుకున్నాను. అతుక్కోలేదు, బిగుసుకుపోయింది అంతే. పై గుండీ అందడానికి రెండు నెలలు పట్టింది.

ఈ తొందరలో ఇంట్లోవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది, మా ఇంట్లోనూ అది జరగబోయింది. ఎవరో ఒకరు చేయి పట్టుకుని బలంగా వంచి సరిచేద్దామని చూస్తారు. మోచేతి దగ్గర అది ప్రమాదం. దెబ్బ తగిలిన తొలి వారాల్లో చితికిన కండరాన్ని గట్టిగా మర్దన చేసినా, బలవంతంగా సాగదీసినా అక్కడ గడ్డకట్టిన రక్తం చుట్టూ కొత్త ఎముక పుట్టొచ్చు. దాన్ని మయోసైటిస్ ఆసిఫికాన్స్ అంటారు. బాగుచేయబోయి నిజంగానే అతికించడమన్నమాట. మోచేయిని మీ సొంత కండరాలతో, మీకు మీరుగా, నొప్పి ఓర్చుకోగలిగినంత వరకే కదపాలి. రోజుకు ఒకసారి గంటసేపు కాకుండా, అయిదేసి నిమిషాలు అయిదారు సార్లు చేస్తే మేలు. వారాలు గడిచినా డిగ్రీ కూడా పెరగకపోతే, లేదా పెరిగిన కదలిక మళ్లీ తగ్గుతుంటే, ఎక్స్‌రేతో డాక్టర్‌ని కలవండి.

పొద్దున లేవగానే నడుం కొయ్యలా బిగుసుకుంటుంది. కాసేపు తిరిగితే వదులుతుంది. ఇది కూడా అతుక్కుపోయే జబ్బేనా?

వయసు నలభై అయిదు లోపే ఉండి, మూడు నెలలకు పైగా ఇలా జరుగుతుంటే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వాపుతో మొదలై వెన్నుపూసలను అతికించే జబ్బు) అవునో కాదో చూడాల్సిందే. బరువెత్తి పట్టేసిన నడుం పడుకుంటే తగ్గుతుంది, పని చేస్తే పెరుగుతుంది. ఇది దానికి తలకిందులు. పడుకుంటే పెరుగుతుంది, నడిస్తే తగ్గుతుంది. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో నొప్పితో మెలకువ వచ్చి, పడుకోలేక గదిలో అటూ ఇటూ తిరుగుతుంటారు. లేచాక బిగుతు అరగంటకు పైగా ఉంటుంది. పిరుదుల్లో నొప్పి ఒకసారి కుడివైపు, ఇంకోసారి ఎడమవైపు మారుతుంది.

జబ్బు మొదలయ్యేది వెన్నెముక అడుగున, త్రికాస్థి కటి ఎముకతో కలిసే సాక్రోఇలియాక్ కీళ్ల దగ్గర. అక్కడి నుంచి పైకి పాకుతుంది. చికిత్స లేకపోతే కొందరిలో పూసలన్నీ ఒకదానికొకటి కట్టేసుకుని ఎక్స్‌రేలో కణుపులున్న వెదురు బొంగులా కనిపిస్తాయి. డాక్టర్లు దాన్ని ‘బాంబూ స్పైన్’ అనే పిలుస్తారు. జబ్బు కొత్తదేమీ కాదు. పూసలు, పక్కటెముకలు, కటి ఎముక కలిసి ఒకే ఎముకగా మారిన అస్థిపంజరాన్ని బెర్నార్డ్ కానర్ అనే ఐరిష్ వైద్యుడు 17వ శతాబ్దం చివర్లోనే వర్ణించాడు. 1890లలో రష్యాలో బెఖ్తెరెవ్, జర్మనీలో స్ట్రూంపెల్, ఫ్రాన్స్‌లో పియరీ మేరీ దాదాపు ఒకే సమయంలో దీని గురించి రాశారు.

డాక్టర్ టేపు పట్టుకుని చేసే ఒక పరీక్ష చూడటానికి తమాషాగా ఉంటుంది. మీరు నిటారుగా నిలబడితే నడుం కింద రెండు సొట్టల మధ్య పెన్నుతో ఒక గీత పెడతారు, దానికి 10 సెంటీమీటర్ల పైన ఇంకోటి. ఇప్పుడు మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమంటారు. నడుం పూసలు విచ్చుకుంటే ఆ రెండు గీతల మధ్య దూరం 15 దాకా సాగాలి. జబ్బున్న నడుం 11 దగ్గరో 12 దగ్గరో ఆగిపోతుంది. తుంటి కీళ్లు బాగుంటే వేళ్లు మాత్రం నేలకు అందొచ్చు. అందుకే నేను వంగగలుగుతున్నాను కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

రక్తపరీక్షలో హెచ్‌ఎల్‌ఏ-బి27 పాజిటివ్ వచ్చింది. నా వెన్ను అతుక్కుపోతుందా?

ఆ ఒక్క రిపోర్టుతో ఏదీ తేలదు. ఈ జన్యువుకూ ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ జబ్బుకూ ఉన్న లంకె 1973లో బయటపడింది. జబ్బున్నవాళ్లలో ఎక్కువమందికి ఇది ఉంటుంది, నిజమే. కానీ ఇది ఉన్నవాళ్లలో చాలామందికి జీవితాంతం జబ్బు రాదు. నొప్పి తీరు, పరీక్ష, స్కాన్ కలిపి చూడాలి. లక్షణాలేమీ లేకుండా ఊరికే చేయించుకుంటే మిగిలేది టెన్షనే. నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కూడా కాదు.

ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ జబ్బుకు మందులున్నాయా?

ఉన్నాయి, ముప్పై ఏళ్ల కిందటితో పోలిస్తే చాలా మెరుగైనవి. ముందు నొప్పి, వాపు తగ్గించే ఎన్‌ఎస్‌ఏఐడీ మాత్రలు. అవి చాలకపోతే అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్ లాంటి, ఒంట్లో వాపును రేపే ప్రోటీన్ అయిన టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు, సెక్యుకినుమాబ్ లాంటి అలాంటిదే అయిన ఐఎల్-17ను అడ్డుకునే ఇంజెక్షన్లు, ఈమధ్య వాపు సంకేతాలను ఆపే జాక్ ఇన్‌హిబిటర్ మాత్రలు. టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్ మొదలుపెట్టేముందు ఒంట్లో దాగి ఉన్న టీబీ ఉందేమో చూడటం తప్పనిసరి, లేకపోతే అది నిద్రలేచి కూర్చుంటుంది. రుమటాయిడ్‌కి బాగా పనిచేసే మెథోట్రెక్సేట్ వెన్నెముక మీద పెద్దగా పనిచేయదు. స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగడం వల్ల వెన్నుకు లాభం లేదు, ఎముక పలచబడే నష్టం మాత్రం ఉంది.

ఈ మందులేవీ ఇప్పటికే కట్టేసిన ఎముకను కరిగించలేవు. కట్టకముందు వాపును ఆపడమే వాటి పని. సిగరెట్ తాగేవాళ్లలో ఈ జబ్బు వేగంగా ముదురుతుంది కాబట్టి మందులతో పాటు అదీ మానాలి. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేనంత నొప్పి వస్తే కళ్లకలక అనుకుని చుక్కలు వేసుకుని కూర్చోవద్దు. ఈ జబ్బున్నవాళ్లకు కంటి లోపల యువైటిస్ అనే వాపు రావడం మామూలే, ఆలస్యమైతే చూపు దెబ్బతింటుంది.

వెన్ను ఇప్పటికే అతుక్కుపోయింది. ఇక జరగాల్సిన నష్టం జరిగిపోయింది కదా, జాగ్రత్తలు ఎందుకు?

అతుక్కున్న వెన్ను గట్టిదనుకుంటారు. గట్టిదే కానీ పెళుసుది. మామూలు వెన్నెముక దెబ్బను పూసపూసకూ పంచుకుని వంగుతుంది. ఇది సుద్దముక్కలా ఒకే చోట పుటుక్కున విరుగుతుంది. బాత్‌రూంలో కాలు జారి కూర్చున్నంత దెబ్బకే మెడ విరిగినవాళ్లున్నారు. పైగా లోపలి ఎముక పలచబడి ఉంటుంది. పడ్డాక మెడలో గానీ వీపులో గానీ కొత్త నొప్పి మొదలైతే, నడవగలుగుతున్నా సరే విరిగిందనే అనుకుని వెళ్లాలి. మామూలు ఎక్స్‌రేలో ఆ గీత కనిపించకపోవచ్చు, సీటీ స్కాన్ అడగండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఎన్నో ఏళ్లుగా ముందుకు వంగి ఉన్న మెడను ఎవరైనా నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి తిన్నగా చేయాలని చూస్తే అక్కడే విరగ్గొట్టినట్టవుతుంది. తల ఎలా ఉండేదో అలాగే దిండ్లతో ఆనించి తీసుకెళ్లాలి. ఈ మాట ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి, పడ్డాక చెప్పే వీలుండకపోవచ్చు. మెడ విరిచి చేసే మసాజ్‌ల జోలికి అసలు పోవద్దు.

పెద్దాయన ఛాతీ ఎక్స్‌రేలో వెన్నుపూసలు అతుక్కున్నాయని అనుకోకుండా బయటపడింది. ఆయనకు పెద్దగా నొప్పి లేదు.

అది ‘డిష్’ (వెన్ను లిగమెంట్ల వెంట ఎముక పెరిగే స్థితి) కావచ్చు. ఫ్రెంచ్ వైద్యుడు ఫారెస్టియర్ 1950లో వర్ణించిన స్థితి. వయసు మళ్లినవాళ్లలో, మధుమేహమూ బరువూ ఉన్నవాళ్లలో ఎక్కువ. కనీసం నాలుగు పూసల ముందువైపు కొవ్వొత్తి మైనం కారినట్టు ఎముక జారి ఉంటుంది, వీపు భాగంలో ఎక్కువగా కుడిపక్కన. సాక్రోఇలియాక్ కీళ్లు మామూలుగానే ఉంటాయి. చాలామందికి చికిత్స అక్కర్లేదు. మెడలో పెరిగితే మింగడం కష్టమవుతుంది. పడినప్పుడు విరిగే భయం మాత్రం దీనికీ ఉంది.

పిల్లవాడికి నోరు సరిగా తెరుచుకోవడం లేదు. పళ్ల డాక్టర్ దవడ కీలు అతుక్కుందంటున్నారు. ఎలా జరిగి ఉంటుంది?

ఎక్కువసార్లు వెనక్కి వెళ్లి గుర్తుచేసుకుంటే గడ్డం మీద పడిన సందర్భం ఒకటి దొరుకుతుంది. గడ్డం చీరుకుపోయి కుట్లు వేయించి ఉంటారు, గాయం మానిపోయి ఉంటుంది, అందరూ మరిచిపోయి ఉంటారు. కానీ గడ్డం మీద పడ్డ దెబ్బ దవడ ఎముక వెంట పైకి వెళ్లి చెవి ముందున్న కీలులో దిగుతుంది. అక్కడి ఎముక తల చితికి, రక్తం నిండి, నెలల మీద పుర్రెతో అతుక్కుంటుంది. చెవిలో చీము పక్కనే ఉన్న ఈ కీలుకు పాకడం ఇంకో కారణం. అందుకే గడ్డం పగిలిన పిల్లలకు కుట్లతో సరిపెట్టకుండా దవడ కీళ్లనూ చూడమని అడగండి. తర్వాత నెలనెలా నోరు ఎంత తెరుచుకుంటోందో గమనించండి. తన మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టాలి. రెండే పడితే అనుమానించాలి.

పెరిగే వయసులో దవడ ఎదుగుదలకు ఆ కీలే కేంద్రం. అది మూసుకుపోతే కింది దవడ పెరగదు, గడ్డం వెనక్కి పోతుంది. నాలుక వెనక్కి జరిగి రాత్రి గురకా, ఊపిరి ఆగి ఆగి రావడమూ మొదలవుతాయి. అన్నం నమలలేరు, పళ్లు తోముకోలేరు, పళ్లన్నీ పుచ్చిపోతాయి. ఒక్క వైపే అతుక్కుంటే గడ్డం ఆ వైపుకే తిరుగుతుంది. తమాషా ఏమిటంటే జబ్బున్న వైపు బుగ్గ నిండుగా, అందంగా కనిపిస్తుంది. బాగున్న వైపు సాగిపోయి చదునుగా ఉంటుంది. చూసినవాళ్లు చదునుగా ఉన్న వైపే లోపమనుకుంటారు.

చికిత్స ఆపరేషనే. అతుక్కున్న ఎముకను కోసి తీసి, ఆ సందులో కణత కండరాన్నో కొవ్వునో పరుస్తారు. పిల్లల్లో కొన్నిసార్లు పక్కటెముక ముక్కతో కొత్త కీలు తల కడతారు. కొందరు పెద్దవాళ్లలో కృత్రిమ కీలు పెడతారు. ఆపరేషన్ సగం పని మాత్రమే. మిగతా సగం రోజుకు ఎన్నోసార్లు నోరు సాగదీసే వ్యాయామం, అదీ నెలల తరబడి. పిల్లలు ఏడుస్తారు, తల్లిదండ్రులకు చూడబుద్ధి కాదు, ఒక పూట వదిలేద్దాంలే అనిపిస్తుంది. మళ్లీ అతుక్కున్న కేసుల్లో ఆ వదిలేసిన పూటలదే పెద్ద వాటా.

ఫ్రోజెన్ షోల్డర్ కూడా ఇదేనా?

కాదు. అక్కడ కీలు చుట్టూ ఉన్న పొర మందమై కుదించుకుపోతుంది, ఎముకలు అతుక్కోవు, ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. మధుమేహమున్నవాళ్లలో ఎక్కువ. ఒకటి నుంచి మూడేళ్లలో చాలామందికి వదులుతుంది.

కండరాలే ఎముకగా మారే జబ్బు ఉందని విన్నాను. నిజమా?

నిజమే, చాలా అరుదు. పది లక్షల మందిలో ఒకరికి అటూ ఇటూగా ఉంటుంది. పేరు ఫైబ్రోడిస్‌ప్లేసియా ఆసిఫికాన్స్ ప్రోగ్రెసివా, పొట్టిగా ఎఫ్‌ఓపీ. ఏసీవీఆర్1 అనే జన్యువులో మార్పే కారణమని 2006లో కనిపెట్టారు. పుట్టినప్పుడే కాలి బొటనవేళ్లు పొట్టిగా, లోపలికి తిరిగి ఉండటం దీని గుర్తు, కానీ ఆ వేళ్లను ఎవరూ పట్టించుకోరు. తర్వాత చిన్న దెబ్బ తగిలినా, కండరానికి ఇంజెక్షన్ చేసినా అక్కడ వాపు వచ్చి ఎముక పుడుతుంది. దాన్ని కోసి తీస్తే ఇంకా ఎక్కువ పెరుగుతుంది. హ్యారీ ఈస్ట్‌లాక్ అనే అమెరికన్ 1973లో చనిపోయేముందు, ఈ జబ్బును అర్థం చేసుకోవడానికి పనికొస్తుందని తన అస్థిపంజరాన్ని దానం చేశాడు. ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో అది ఇప్పటికీ ఉంది. మామూలు అస్థిపంజరాన్ని నిలబెట్టాలంటే ఎముకలను తీగలతో కట్టాలి. అతని ఎముకలు చాలావరకు వాటంతటవే కలిసి ఉన్నాయి.

పన్ను అతుక్కుపోయిందని అంటారు, అదేమిటి?

పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య ఉండే పలచటి పొర పోయి రెండూ కలిసిపోవడం. దెబ్బకు ఊడి మళ్లీ పెట్టించుకున్న పళ్లలో ఎక్కువ. తడితే లోహాన్ని తట్టినట్టు గణగణమంటుంది. క్లిప్పులు వేసినా ఆ పన్ను కదలదు.

అతుక్కున్న కీలును మళ్లీ కదిలేలా చేయొచ్చా?

ఏ కీలు, ఎందుకు అతుక్కుంది, చుట్టూ కండరాలు ఎలా ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదటి ప్రయత్నం 1826 నాటిది. అప్పటికి మత్తుమందు లేదు. ఫిలడెల్ఫియాలో జాన్ రే బార్టన్ అనే సర్జన్, తుంటి అతుక్కుపోయిన ఒక నావికుడి తొడ ఎముకను కీలు దగ్గర కోశాడు. పని ఏడు నిమిషాల్లో ముగించాడంటారు. కోసిన ఎముకను అతుక్కోనివ్వకుండా రోజూ కదిలిస్తూ దాన్నే కీలుగా మార్చాడు. కొన్నేళ్లు పనిచేసి అదీ చివరికి బిగుసుకుపోయింది. కోసిన ఎముక మళ్లీ అతుక్కోవాలనే చూస్తుంది, ఈ చిక్కు నేటి సర్జన్లకూ ఉంది.

తుంటికి నేడు మంచి దారి ఉంది. 1962లో జాన్ చార్న్లీ రూపమిచ్చిన కృత్రిమ తుంటి తర్వాత, అతుక్కుపోయిన తుంటినీ మార్చడం సాధ్యమైంది. ఏళ్ల తరబడి తుంటి చేయాల్సిన పని నడుమూ మోకాలూ చేసి అలసిపోయి ఉంటాయి, మార్పిడి తర్వాత నడుం నొప్పి తగ్గిందనేవాళ్లు ఎక్కువ. అయితే పని లేక సన్నబడ్డ కండరాలు తిరిగి బలపడటానికి నెలలు పడుతుంది, కొంత కుంటు మిగలొచ్చు. కండరంలో పెరిగిన ఎముకను తీసేస్తే, అది మళ్లీ పెరగకుండా వాపు తగ్గించే ఇండోమెథాసిన్ మాత్రలు గానీ ఒక్కసారి రేడియేషన్ గానీ ఇస్తారు. చీము పట్టి అతుక్కున్న మోకాలి మార్పిడి వీటన్నిటికంటే కష్టం.

మరి డాక్టర్లే కొన్నిసార్లు కావాలని అతికిస్తారట?

అవును, ఆర్థ్రోడెసిస్ అంటారు. చీలమండ పూర్తిగా పాడై అడుగు తీసి అడుగు వేయలేని మనిషికి, నొప్పితో కదిలే కీలు కంటే నొప్పి లేకుండా నిలబడే కీలు మేలు. ఇక్కడ అసలు విషయం కోణం. చీలమండ కాలికి తొంభై డిగ్రీల్లో ఉండాలి, కాస్త కిందికి వాలినా నడుస్తుంటే మునివేళ్లు నేలకు తగులుతాయి. మణికట్టు కొంచెం వెనక్కి, ఇరవై డిగ్రీల దగ్గర ఉంటే పిడికిలికి బలం. మోకాలు దాదాపు నిటారుగా ఉంటే నడవడానికి బాగుంటుంది, ఇరుకు సీట్లో కూర్చోవడానికి మాత్రం నరకం.

దానంతటదే అతుక్కునే కీలు ఈ లెక్కలేవీ చూడదు. నొప్పి తక్కువగా ఉండే వంపులోనే ఉండిపోతుంది. అందుకే వాచిన మోకాలి కింద హాయిగా ఉందని దిండు పెట్టుకోవడం అంత చెడ్డ అలవాటు ఇంకోటి లేదు. మోకాలు ఆ వంపులోనే బిగుసుకుంటుంది. నడుం, తుంటి బిగుసుకుంటున్నవాళ్లు పలచటి దిండు వాడి, రోజూ పదిహేను ఇరవై నిమిషాలు బోర్లా పడుకోవాలి. బోర్లా పడుకోలేని రోజు వస్తే తుంటి ముడుచుకుంటోందని అర్థం, డాక్టర్‌కు చెప్పండి.

ఏ పరీక్షలు చేయించుకోవాలి?

ఎముక కట్టిందో లేదో ఎక్స్‌రే చెబుతుంది, అది ఎంత మేర, ఎలా కట్టిందో ఆపరేషన్‌కు ముందు సీటీ చెబుతుంది. వాపు ఇంకా నడుస్తోందా అన్నది ఎమ్మారై చెబుతుంది. స్పాండిలైటిస్ తొలి ఏళ్లలో ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది కాబట్టి, ‘ఎక్స్‌రే నార్మల్’ అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. వెన్ను, చాలా కీళ్లు అయితే రుమటాలజిస్ట్, ఒకే కీలు, దెబ్బ అయితే ఎముకల డాక్టర్, దవడ అయితే మ్యాగ్జిలోఫేషియల్ సర్జన్.

నాకు మెడ తిరగదు, నోరు కొంచెమే తెరుచుకుంటుంది. హెర్నియా ఆపరేషన్‌కు దీనితో ఏం సంబంధం?

చాలా ఉంది. మత్తు ఇచ్చాక ఊపిరి గొట్టం వేయాలంటే నోరు తెరిచి, మెడ వెనక్కి వంచాలి. రెండూ కుదరకపోతే ముక్కులోంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో, మీరు మెలకువగా ఉండగానే వేయాల్సి రావొచ్చు. దానికి సామానూ మనిషీ ముందే సిద్ధంగా ఉండాలి. వెన్ను అతుక్కుంటే నడుంలో ఇచ్చే మత్తు సూది కూడా దిగకపోవచ్చు. కాబట్టి సర్జన్‌తో పాటు మత్తు డాక్టర్‌నూ ముందు రోజే కలిసి, మెడ ఎక్స్‌రే చూపించి, నోరు ఎంత తెరుచుకుంటుందో వాళ్ల ఎదుటే తెరిచి చూపించండి.